డొమైన్ ఎవరి పేరు మీద ఉంది?

పోయిన ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున్నే భీమవరం నుంచి పిన్ని ఫోన్ చేసింది. డల్లాస్‌లో ఉండే ఒకావిడ గోంగూర పచ్చడి, కందిపొడి ఆర్డరు పెడదామని పిన్ని సైటు తెరిస్తే ఎర్రటి హెచ్చరిక వస్తోందట. ఆవిడ పంపిన స్క్రీన్‌షాట్ పిన్ని నాకు వాట్సాప్ చేసింది. చూస్తే సైటు సెక్యూరిటీ సర్టిఫికెట్ గడువు అయిపోయింది. పావుగంట పని. కాకపోతే డొమైన్, అంటే సైటు అడ్రసు, సెట్టింగుల్లోకి వెళ్ళాలి.

"లాగిన్ ఎవరి దగ్గర ఉంది పిన్నీ?" అన్నాను.

"నాకేం తెలుసురా, అన్నీ ఆ అబ్బాయే చూసుకున్నాడుగా."

ఆ అబ్బాయి అంటే 2014లో ఈ సైటు చేసిపెట్టిన తణుకు కుర్రాడు. అప్పట్లో ఇద్దరు స్నేహితులతో కలిసి చిన్న వెబ్ డిజైన్ ఆఫీసు నడిపేవాడు. ఏటా డొమైన్‌కీ హోస్టింగ్‌కీ కలిపి పిన్ని దగ్గర డబ్బు తీసుకుని కట్టేవాడు. ఆఫీసు మూసేసి బెంగళూరులో ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళయినా ఆ మాట మాత్రం తప్పలేదు. మంచి మనిషి. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి కథల్లో అందరూ ముందు అతన్నే అనుమానిస్తారు.

నేను డొమైన్, రిజిస్ట్రార్, రెన్యూవల్ అని ఏదో వివరిస్తుంటే పిన్ని ఆపి ఒకే ఒక ప్రశ్న వేసింది. "అదంతా సరేరా, రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంది?"

పదిహేనేళ్ళుగా ఈ రంగంలో ఉన్నవాణ్ణి, ఆ ప్రశ్న నేను అడగాల్సింది. పిన్నికి రిజిస్ట్రార్ అంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసే. మా తాతగారి అరెకరం చేను ఆయన తోడల్లుడి పేరు మీద ఉండిపోయి, దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి ఇంట్లో అందరూ ఎంత తిరిగారో ఆవిడకి గుర్తుంది. అందుకే ఆవిడకి వెంటనే తోచింది ఆ మాట.

డొమైన్ విషయంలో మనవాళ్ళు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. ఒక రిజిస్ట్రార్ నుంచి ఇంకో రిజిస్ట్రార్‌కి మార్చుకోవడం వేరు, డొమైన్ యజమాని పేరు మార్చుకోవడం వేరు. రెంటినీ ట్రాన్స్‌ఫర్ అనే అంటారు. డాట్ కామ్ పేర్లన్నిటికీ అసలు చిట్టా వెరిసైన్ అనే కంపెనీ దగ్గర ఉంటుంది, అది రిజిస్ట్రీ. మన దగ్గర డబ్బు తీసుకుని ఆ చిట్టాలో మన తరఫున నమోదు చేయించేది రిజిస్ట్రార్. ఎవరి పేరున నమోదైందో ఆ మనిషి రిజిస్ట్రెంట్. చట్టం దృష్టిలోనూ నియమాల దృష్టిలోనూ హక్కు ఉన్నది ఈ మూడోవాడికే. డబ్బు ఎవరు కట్టారు, సైటు ఎవరిది, బోర్డు మీద ఎవరి పేరుంది అనేవి తగాదా వచ్చాక సాక్ష్యాలుగా పనికొస్తాయేమో గానీ, చిట్టాకి వాటితో పని లేదు.

పిన్ని డొమైన్ ఆ అబ్బాయి పాత ఆఫీసు పేరు మీద ఉంది. అది తెలుసుకోవడానికే రెండు రోజులు పట్టింది. ఒకప్పుడైతే హూఈజ్ అనే బహిరంగ జాబితాలో వెతికితే పేరు, చిరునామా, ఫోన్ నంబరుతో సహా కనిపించేవి. 2018 మే 25న యూరప్‌లో వ్యక్తిగత వివరాల్ని కాపాడే జీడీపీఆర్ చట్టం అమల్లోకి వచ్చాక ఆ వివరాలన్నీ తెర వెనక్కి పోయాయి. మన ఫోన్ నంబర్లు ఎవడంటే వాడికి దొరక్కుండా పోవడం మంచిదే. కానీ మన డొమైన్ మన పేరు మీద ఉందో లేదో బయటినుంచి చూసి తెలుసుకునే దారి కూడా దాంతోపాటే మూసుకుపోయింది. ఇప్పుడు అది అకౌంటులోకి వెళ్ళి చూస్తేనే తెలుస్తుంది, ఆ అకౌంటు ఇంకొకరిది.

నేను చూసిన చిన్న వ్యాపారాలు, ట్యూషన్ సెంటర్లు, క్లినిక్‌లు, గుడి కమిటీలు, అన్నిట్లోనూ ఇదే తీరు. డొమైన్ సైటు చేసినవాడి పేరు మీద ఉంటుంది. ఎవరూ మోసం చేద్దామని చేయలేదు. ఆ రోజు కార్డు అతని దగ్గర ఉంది, ఫారంలో తన మెయిల్ ఐడీ కొట్టాడు, అంతే. కానీ దానికి మన భాషలో ఉన్న మాట బినామీ. పొలం అలా ఉందంటే రాత్రి నిద్రపట్టదు మనకి. పన్నెండేళ్ళ వ్యాపారం అలా ఉంటే పట్టించుకోం.

బెంగళూరుకి ఫోన్ చేశాను. "అయ్యో, తప్పకుండా అన్నా, ఆంటీ పేరు మీదకే మార్చేద్దాం" అన్నాడు. ప్యానెల్‌లోకి వెళ్దామంటే పాస్‌వర్డ్ గుర్తులేదు. ఏటా వచ్చే పేమెంట్ లింకుతోనే కట్టేస్తున్నాడు, లోపలికి వెళ్ళి చాలా కాలమైంది. పోనీ రీసెట్ చేద్దామంటే ఆ లింకు పాత ఆఫీసు మెయిల్‌కి పోతుంది. ఆ మెయిల్ వాళ్ళ ఆఫీసు సొంత డొమైన్ మీద ఉంది. ఆఫీసు మూసేశాక ఆ డొమైన్‌ని ఎవరూ రెన్యూ చేయలేదు. వెతికి చూస్తే అది అమ్మకానికి ఖాళీగా పడి ఉంది.

ఆ క్షణంలో నాకు వచ్చిన టెన్షన్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఆ ఖాళీ పేరుని వెయ్యి రూపాయల లోపు పెట్టి ఎవరైనా కొనుక్కోవచ్చు. కొని, అదే మెయిల్ ఐడీ సృష్టించుకుని, పాస్‌వర్డ్ మర్చిపోయాను అని ఒక్క బటన్ నొక్కితే చాలు. పిన్ని డొమైనే కాదు, ఆ అకౌంటులో ఉన్న అందరి డొమైన్లూ చేతిలోకి వచ్చేస్తాయి. హ్యాకింగ్ తెలియనక్కర్లేదు. గడువు తీరిన పేర్లని జల్లెడపట్టి ఇలాంటి వాటికోసమే చూసేవాళ్ళు ఉంటారు. ఆ సాయంత్రమే, అబ్బాయికి చెప్పి, అతని పేరుమీదే ఆ డొమైన్ మళ్ళీ కొనిపించాను. మెయిల్ పెట్టించాం. రీసెట్ లింకు వచ్చింది. లోపలికి వెళ్ళి చూస్తే పన్నెండు డొమైన్లున్నాయి. పిన్నిది అక్టోబరు 20న గడువు తీరబోతోంది. గడువుకి నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి రిజిస్ట్రార్ గుర్తుచేయాలని నియమం ఉంది. గుర్తుచేస్తుంది కూడా, ఆ చచ్చిపోయిన మెయిల్‌కి.

డొమైన్ ట్రాన్స్‌ఫర్ నియమాలు నిజానికి యజమాని వైపే ఉంటాయి. కానీ అవి యజమానిని మొహం చూసి గుర్తుపట్టవు, ఆధార్ చూసి గుర్తుపట్టవు. రికార్డులో ఉన్న మెయిల్ ఐడీతోనే గుర్తుపడతాయి. ఆ మెయిల్ ఎవరు తెరవగలిగితే వాళ్ళే యజమాని. ఇది తెలియకుండా ఏ రిజిస్ట్రార్ చవక, ఎక్కడ ఆఫర్ ఉంది అని వెతకడం, తాళంచెవి పక్కింట్లో పెట్టి గోడలకి రంగులు వేయించుకున్నట్టు.

ఈ నియమాలు ఊరికే రాలేదు. 1994లో గ్యారీ క్రెమెన్ అనే అమెరికన్ సెక్స్ డాట్ కామ్ అనే పేరు నమోదు చేసుకున్నాడు. అప్పట్లో నమోదు చేసేది నెట్‌వర్క్ సొల్యూషన్స్ ఒక్కటే, డబ్బు కూడా తీసుకునేది కాదు. మరుసటి ఏడాది స్టీఫెన్ కోహెన్ అనే మోసగాడు ఆ కంపెనీకి ఒక దొంగ ఉత్తరం చూపించాడు. క్రెమెన్‌ని ఉద్యోగంలోంచి తీసేశాం, ఈ డొమైన్ మాకు అక్కర్లేదు, కోహెన్‌కి ఇచ్చేస్తున్నాం అని దాని సారాంశం. డొమైన్ ఇచ్చేశారు. క్రెమెన్‌కి ఒక్కమాట చెప్పి అడగలేదు. అతను ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగి పేరు వెనక్కి తెచ్చుకున్నాడు. కోహెన్ 6.5 కోట్ల డాలర్లు కట్టాలని తీర్పు వచ్చింది, అతను మెక్సికో పారిపోయాడు. 2003లో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు డొమైన్ పేరు ఆస్తేనని, దొంగ ఉత్తరం చూసి దాన్ని ఇంకొకరికి ఇచ్చేసిన కంపెనీ కూడా జవాబు చెప్పాల్సి ఉంటుందని తేల్చింది. ఒక కాగితం, ఒక సంతకం, అడగాల్సిన మనిషిని అడగకపోవడం. మన దగ్గర దొంగ జీపీఏలతో స్థలాలు అమ్మేసిన కేసులు చదివినవాళ్ళకి ఇది కొత్త కథేం కాదు.

1999లో పోటీ మొదలై చాలా రిజిస్ట్రార్లు వచ్చాక ఇంకో సమస్య ఎదురైంది. కస్టమరు వెళ్ళిపోతానంటే పాత రిజిస్ట్రార్ ఏదో ఒక సాకు చెప్పి కదలనివ్వదు. అందుకే 2004 నవంబరు 12న, డొమైన్ పేర్లకి నియమాలు పెట్టే ఐకాన్ అనే సంస్థ తెచ్చిన ట్రాన్స్‌ఫర్ విధానంలో మౌనం అంగీకారమే అని పెట్టారు. పాత రిజిస్ట్రార్ నుంచి తీసుకున్న రహస్య కోడ్ కొత్త రిజిస్ట్రార్ దగ్గర మనం ఇచ్చి ట్రాన్స్‌ఫర్ మొదలుపెడతాం. పాతది మనకి మెయిల్ పంపుతుంది. ఐదు రోజుల్లో వద్దని ఎవరూ చెప్పకపోతే డొమైన్ కదిలిపోతుంది.

రెండు నెలలు దాటీ దాటకముందే, 2005 జనవరిలో ఒక శనివారం, న్యూయార్క్‌లో 1989 నుంచి ఉన్న పానిక్స్ అనే ఇంటర్నెట్ సంస్థ డొమైన్ వాళ్ళకి తెలియకుండానే ఆస్ట్రేలియా రిజిస్ట్రార్ చేతికి వెళ్ళిపోయింది. మెయిళ్ళు కెనడాకి మళ్ళాయి. వారాంతం కాబట్టి ఫోన్ ఎత్తేవాళ్ళు కూడా సరిగా లేరు. ఆస్ట్రేలియా కంపెనీ తర్వాత తమ తరఫున డొమైన్లు అమ్మే రీసెల్లర్ దగ్గర తనిఖీ జరగలేదని ఒప్పుకుంది. వేల మంది కస్టమర్ల మెయిల్ ఆ రెండు రోజులూ ఆగమాగమైంది.

ఆ సంఘటన తర్వాత చాలామంది మౌనం అంగీకారం అనే నియమాన్నే తీసేయాలన్నారు. నేను ఒప్పుకోను. తీసేస్తే మళ్ళీ పాత రిజిస్ట్రార్ చేతికే కర్ర ఇచ్చినట్టు. మెయిల్ పంపాం, మీరు జవాబివ్వలేదు, కాబట్టి ట్రాన్స్‌ఫర్ రద్దు అని నెలల తరబడి తిప్పుతారు. చిన్నవాడు విసిగిపోయి అక్కడే ఉండిపోతాడు. ఇప్పటి నియమం ప్రకారం డొమైన్ కదలకుండా వేసిన లాక్ తీయమన్నా, కోడ్ ఇవ్వమన్నా ఐదు రోజుల్లో ఇచ్చి తీరాలి. రాబోయే ఏడాది రెన్యూవల్ కట్టలేదని ఆపకూడదు. ఇవి మనకి దొరికిన మంచి హక్కులు. వాటికి బదులుగా మన వైపునుంచి కావలసింది ఒక్కటే, ఆ మెయిల్ మనం రోజూ తెరిచేది అయి ఉండాలి, అదే డొమైన్ మీద ఉన్నది మాత్రం కాకూడదు. డొమైన్ గడువు తీరిన రోజున దాని మెయిల్ కూడా ఆగిపోతుంది, హెచ్చరిక ఎక్కడికి వస్తుంది? పిన్నికి ఆవిడ సొంత జీమెయిల్, ఆవిడ సొంత ఫోన్ నంబరే పెట్టాను. నా మెయిల్ పెట్టేయమంది. పెట్టలేదు. పెడితే ఈసారి బినామీని నేనవుతాను.

ఇక ముందు పేరు మార్చాలా, ముందు రిజిస్ట్రార్ మార్చాలా? నాతో పనిచేసేవాళ్ళు చాలామంది చెప్పేది, ముందు రిజిస్ట్రార్ మార్చేసి ఆ తర్వాత పేరు మార్చుకో అని. దానికి కారణం ఉంది. 2016 డిసెంబరు నుంచి రిజిస్ట్రెంట్ పేరో, సంస్థ పేరో, మెయిలో మారిస్తే 60 రోజుల పాటు డొమైన్‌ని ఇంకో రిజిస్ట్రార్‌కి కదల్చనివ్వరు. ఈ లాక్ వద్దనుకునే వీలు ఇవ్వాలా వద్దా అన్నది రిజిస్ట్రార్ ఇష్టం. మాకు ఇవ్వలేదు. ముందు రిజిస్ట్రార్ మార్చి, కొత్తచోట పేరు మార్చుకుంటే వారంలో రెండూ అయిపోతాయి.

నేను ముందు పేరే మార్పించాను. ఇంకోసారి చేయాల్సి వచ్చినా అలాగే చేస్తాను. రిజిస్ట్రార్ మార్చే వారం రోజుల్లో ఏదైనా అడ్డం తిరిగితే, ట్రాన్స్‌ఫర్ ఆగిపోతే, కోడ్ పనిచేయకపోతే, రెండు కంపెనీలూ వినేది రికార్డులో ఉన్న రిజిస్ట్రెంట్ మాటే. ఆ మాట చెప్పగలిగే మనిషి నాలుగేళ్ళ క్రితం మూతపడిన ఆఫీసు అయితే ఎవరు మాట్లాడాలి? ఆ కుర్రాడు ఈరోజు ఫోన్ ఎత్తుతున్నాడు. రేపు విదేశం వెళ్ళినా, ఆరోగ్యం బాగోకపోయినా, ఆ ముగ్గురు స్నేహితుల మధ్య మాట తేడా వచ్చినా పిన్ని వ్యాపారం గాల్లో ఉంటుంది. పొలం కొనేటప్పుడు ముందు దస్తావేజు మన పేరున రాయించుకుంటాం, ఆ తర్వాతే పాస్‌బుక్ సంగతి చూస్తాం.

పేరు మార్చడానికి పాత యజమాని మెయిల్‌కీ కొత్త యజమాని మెయిల్‌కీ రెంటికీ లింకులు వచ్చాయి. అందుకే ఆ చచ్చిపోయిన మెయిల్‌ని బతికించడం మాకు అంత అవసరమైంది. ఆ తర్వాత మెయిల్ ఐడీ నిజమేనని నిర్ధారించమని పిన్నికి ఇంకో లింకు వచ్చింది. దాన్ని 15 రోజుల్లో నొక్కకపోతే డొమైన్ పనిచేయకుండా ఆపేయవచ్చు. అది కాస్తా ప్రమోషన్ల ట్యాబ్‌లో పడింది. ఫోన్‌లో దగ్గరుండి వెతికించి నొక్కించాను.

60 రోజుల లాక్ మీద నాకు కోపం లేదు. చిరాకైన మాట నిజమే. దొంగ మొదట చేసేది మెయిల్ మార్చడం, రెండోది డొమైన్‌ని ఇంకో దేశంలోని రిజిస్ట్రార్‌కి తరలించడం. ఆ రెండిటి మధ్య కొంత వ్యవధి ఉంటే అసలు మనిషికి తెలుసుకునే అవకాశం ఉంటుంది. అయితే రెండు నెలలు మరీ ఎక్కువ. కొత్తగా కొన్న పేర్లకీ, రిజిస్ట్రార్ మారిన వాటికీ ఉండే ఇలాంటి లాక్‌కి 30 రోజులు చాలని ఐకాన్ సమీక్షా బృందం 2025లో సిఫారసు చేసింది, యజమాని పేరు మారినప్పటి లాక్‌ని మాత్రం పూర్తిగా తీసేయమంది. నాకైతే దీనికీ ఆ 30 రోజులే సబబనిపిస్తుంది.

మాకు లాక్ తీరేలోపే గడువు వచ్చేస్తోంది కాబట్టి పాతచోటే ఒక ఏడాదికి రెన్యూ చేశాం. ధర ఎక్కువే, అయినా ఆ డబ్బు పోలేదు. డాట్ కామ్ ట్రాన్స్‌ఫర్ చేస్తే ఉన్న గడువు మీద ఇంకో ఏడాది కలుస్తుంది, మొత్తం పదేళ్ళు దాటనంతవరకు. కానీ ఒక చిక్కుంది. గడువు తీరిపోయాక రెన్యూ చేసి, వెంటనే 45 రోజుల లోపు ట్రాన్స్‌ఫర్ చేస్తే ఆ కట్టిన ఏడాది లెక్కలోకి రాకుండా పోవచ్చు. కాబట్టి కట్టేదేదో గడువు తీరకముందే కట్టాలి.

నవంబరులో లాక్ తీరింది. కోడ్ తీసుకున్నాం. ఆ కోడ్ ఓటీపీ లాంటిది కాదు, అంతకంటే పెద్దది. ఓటీపీతో ఒక లావాదేవీ పోతుంది, దీంతో మొత్తం పేరే పోతుంది. వాట్సాప్‌లో పంపమన్న పిన్నికి వద్దని చెప్పి, ఆవిడ అకౌంటులోంచి ఆవిడతోనే కాపీ చేయించాను. ఐదు రోజులు ఆగక్కర్లేకుండా ఒప్పుకుంటున్నానని నొక్కే లింకు పాత రిజిస్ట్రార్ మెయిల్‌లోనే ఉంది. మరునాటి మధ్యాహ్నానికి డొమైన్ కొత్తచోట ఉంది.

నేను తప్పు చేసింది వేరే చోట. రిజిస్ట్రార్ మారితే డొమైన్ ఎటు చూపించాలో చెప్పే నేమ్‌సర్వర్లు వాటంతట అవి మారవు. కానీ పాత రిజిస్ట్రార్ ఉచితంగా ఇచ్చిన నేమ్‌సర్వర్లే వాడుతుంటే, కస్టమరు వెళ్ళిపోయాక వాళ్ళు వాటిని తీసేస్తారు. అది తెలిసే వారం ముందే వేరేచోటికి మార్చాను. సైటు రికార్డు ఎక్కించాను, మెయిల్ రికార్డు ఎక్కించాను. ఈ డొమైన్ తరఫున మెయిల్ పంపడానికి ఏ సర్వర్లకి అనుమతి ఉందో చెప్పే టెక్స్ట్ రికార్డు ఒకటి ఉంటుంది, దాన్ని మర్చిపోయాను. సైటు తెరుచుకుంటోంది, పిన్నికి మెయిళ్ళు వస్తున్నాయి, అంతా బాగానే ఉందనుకున్నాను. పిన్ని పంపే ఆర్డరు రసీదులు మాత్రం అమెరికాలో అందరికీ స్పామ్‌లో పడుతున్నాయి. రెండు రోజుల తర్వాత, డబ్బు కట్టాను జవాబు లేదేమిటని న్యూజెర్సీ నుంచి ఒకాయన ఫోన్ చేస్తేగానీ తెలియలేదు. కాబట్టి పాత ప్యానెల్‌లో ఉన్న ప్రతి వరుసనీ, అర్థమైనా కాకపోయినా, స్క్రీన్‌షాట్ తీసుకుని ఒక్కొక్కటే సరిచూసుకోండి.

ఏ రిజిస్ట్రార్ మంచిది అని ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్నారు. నేను పేరు చెప్పను, ఎందుకంటే ఏ పేరూ శాశ్వతం కాదు. 2007లో రిజిస్టర్‌ఫ్లై అనే కంపెనీ గుర్తింపుని ఐకాన్ రద్దు చేస్తే లక్షల డొమైన్ల యజమానులు నడిరోడ్డున పడ్డారు, చివరికి గోడాడీకి మొత్తంగా బదిలీ చేశారు. గూగుల్ అంతటి కంపెనీ 2023లో తన డొమైన్ల వ్యాపారాన్ని స్క్వేర్‌స్పేస్‌కి అమ్మేసింది. దాదాపు కోటి డొమైన్లు, ఎవరూ ట్రాన్స్‌ఫర్ అడక్కుండానే, ఇల్లు మారాయి. మనం ఎంచుకున్న చోటే ఉంటామన్న గ్యారంటీ లేదు. ఎప్పుడైనా లేచి వెళ్ళిపోగలమా అన్నదే చూసుకోవాలి, దానికి పేరూ మెయిలూ మనవై ఉండాలి. డాట్ ఇన్ పేర్ల చిట్టా మన దేశంలో నిక్సీ అనే సంస్థ చేతిలో ఉంటుంది, వాటి నియమాలు వేరు. కానీ అక్కడ కూడా కోడ్ లేకుండా రిజిస్ట్రార్ మారదు, ఆ కోడ్ అకౌంటు ఎవరిదైతే వాళ్ళకే దొరుకుతుంది.

పిన్ని ఆ కొత్త అకౌంటు పేజీని ప్రింటు తీయించుకుంది. తన పేరు, గడువు తేదీ ఉన్న పేజీ. ఇంటి కాగితాలున్న బీరువా అరలో పెట్టుకుంది.

బెంగళూరు అబ్బాయి, నేను మిగతా పదకొండు డొమైన్ల పని మొదలుపెట్టాం. ఆదివారాలు కూర్చుని ఒక్కొక్కళ్ళకి ఫోన్ చేస్తున్నాం. ఒక ట్యూషన్ మాస్టారు మమ్మల్ని మోసగాళ్ళనుకుని ఫోన్ పెట్టేశారు. ఆయన అనుమానం న్యాయమే, అందుకని మళ్ళీ ఫోన్ చేయకుండా ఆ అబ్బాయే తణుకు వెళ్ళి కలిసి వచ్చాడు. ఇద్దరు తమకిక డొమైన్ అక్కర్లేదన్నారు. నలుగురివి వాళ్ళ వాళ్ళ పేర్ల మీదకి మారాయి. ఐదు మిగిలాయి. వాటిలో ఒకదాని గడువు వచ్చే నెల 9న.